ఎలక్ట్రిక్ గిటార్: బాగుచేసినా మళ్లీ మళ్లీ వచ్చే గరగర, హమ్ (జుమ్మనే మోత), ఆగిపోయే సౌండ్

గిటార్ విప్పే ముందు పెడల్స్ పక్కనపెట్టి నేరుగా యాంప్‌కి కలపండి. కేబుల్ మార్చి చూడండి. అదే యాంప్‌కి ఇంకో గిటార్ పెట్టి చూడండి. అప్పటికీ తేడా గిటార్‌దేనని తేలితే స్క్రూడ్రైవర్ తీయవచ్చు.

కేబుల్ కదిపితే సౌండ్ వస్తూ పోతూ ఉంది

చాలాసార్లు కారణం అవుట్‌పుట్ జాకే, అంటే గిటార్‌లో కేబుల్ దూర్చే రంధ్రం. ఊడిన వైరును సోల్డర్ చేయిస్తే కొన్నాళ్లు బాగుంటుంది, తర్వాత మళ్లీ మొదలవుతుంది. ఊడింది వైరే, కానీ ఊడగొట్టింది వదులైన నట్టు. నట్టు వదులైతే ప్లగ్ పెట్టి తీసినప్పుడల్లా జాక్ లోపల తిరిగి, వైర్లు మెలిపడి, సోల్డర్ దగ్గర తెగుతాయి. బయటి నుంచే నట్టు బిగించేస్తే కూడా ఇదే జరుగుతుంది, ఎందుకంటే నట్టుతోపాటు జాక్ కూడా తిరుగుతుంది. కాబట్టి ప్లేటు విప్పి, జాక్‌ను లోపలి నుంచి కదలకుండా పట్టుకుని బిగించండి. జాక్‌కీ ప్లేటుకీ మధ్య పళ్ల వాషర్ ఒకటి వేయండి. సోల్డర్ ఒక్కటే చేసి నట్టు సంగతి వదిలేస్తే అది సగం రిపేరే.

ప్లగ్ కొనను పట్టుకునే రేకు సాగిపోయినా ఇలాగే ఉంటుంది. ప్లగ్ తీసి, రేకును కొద్దిగా లోపలికి వంచండి. పట్టు నిలవకపోతే జాక్ మార్చేయండి.

గట్టిగా వాయించినప్పుడే సౌండ్ పోతుంటే, జాక్ కాలు (వైరు సోల్డర్ చేసే చోటు) పక్కనున్న షీల్డింగ్ రేకును (బయటి విద్యుత్ రొదను అడ్డుకునే లోహపు పొర) తాకుతోందేమో చూడండి. అక్కడ ఇన్సులేషన్ టేపు చాలు.

నాబ్ తిప్పితే గరగర

పాట్ (నాబ్ కింద ఉండే, వాల్యూమ్, టోన్ మార్చే భాగం) లోపలి కార్బన్ పట్టీ మీద దుమ్ము. పాట్ కాళ్ల దగ్గరి సందులోంచి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నాబ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు చాలాసార్లు తిప్పండి. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే మాత్రం వద్దు, ఆ జిడ్డు మరింత దుమ్మును పట్టుకుంటుంది. క్లీన్ చేసిన కొద్ది రోజులకే గరగర తిరిగొస్తే పట్టీ అరిగిందని అర్థం, పాట్ మార్చేయండి. మామూలుగా సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లకు, అంటే స్ట్రింగ్స్ కంపనాన్ని పట్టే భాగాలకు, 250 కిలో ఓమ్స్, హంబకర్లకు (రెండు తీగచుట్టల పికప్‌లకు) 500 కిలో ఓమ్స్ పాట్ వేస్తారు.

ఆగని హమ్

యాంప్ ఆన్‌లో ఉండగా స్ట్రింగ్స్ ముట్టుకోండి. హమ్ తగ్గితే గ్రౌండ్ (స్ట్రింగ్స్, లోహ భాగాలను జాక్‌కి కలిపే వైరు దారి) బాగానే ఉంది, షీల్డింగే చాలట్లేదు. లోపలి గుంతలో రాగి రేకు అతికించి గ్రౌండ్‌కి కలపండి. ఏ మార్పూ లేకపోతే బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద స్ట్రింగ్స్ ఆనే లోహపు భాగం) దగ్గరి గ్రౌండ్ వైరు ఊడి ఉండవచ్చు. మల్టీమీటర్‌లో స్ట్రింగ్‌కీ జాక్ గ్రౌండ్ కాలికీ మధ్య దాదాపు సున్నా ఓమ్స్ చూపాలి. ముట్టుకుంటే హమ్ పెరుగుతోందా? జాక్ దగ్గర రెండు వైర్లూ తారుమారై ఉంటాయి.

సింగిల్ కాయిల్ గిటార్‌ను పట్టుకున్న దిక్కు మారితే హమ్ కూడా మారుతుంది. అది రోగం కాదు, దాని తత్వమే అంత.

షాక్ కొడితే మాత్రం వెంటనే ఆపేయండి. ఆ తప్పు యాంప్‌లోనో, ఎర్తింగ్‌లోనో ఉంటుంది. యాంప్‌ను మీరే విప్పకండి. ఆపేశాక కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ మిగిలి ఉండవచ్చు.

ఒక పికప్ మూగబోయింది

బ్యాటరీ లేని గిటార్ అయితే వాల్యూమ్ ఫుల్‌గా పెట్టి, స్విచ్ ఆ పికప్ మీద ఉంచి, కేబుల్ రెండో చివర ప్లగ్ కొనకూ దాని ఒంటికీ మధ్య కొలవండి. సింగిల్ కాయిల్ సాధారణంగా 5 నుంచి 8 కిలో ఓమ్స్ చూపుతుంది, హంబకర్ 7 నుంచి 16. మీటర్ 250 లేదా 500 దగ్గర నిలిస్తే అది చదువుతున్నది పాట్‌ను మాత్రమే. అంటే పికప్‌లోనో, స్విచ్‌లోనో, మధ్య వైరులోనో తెగింది. సున్నా చూపితే షార్ట్.

పాట్ వెనక గ్రౌండ్ సోల్డర్ మెరుపు లేకుండా గరుకుగా ఉంటే దాన్ని నమ్మొద్దు. పాట్ లోహం వేడిని లాగేసుకుంటుంది. పైభాగం గీకి, 40 వాట్లకు తగ్గని ఐరన్‌తో మళ్లీ చేయండి.

బ్యాటరీ ఉన్న గిటార్లో చిరిగినట్టున్న సౌండ్

9 వోల్టుల బ్యాటరీ మార్చండి. వాయించడం అయ్యాక కేబుల్ పీకేయండి, ప్లగ్ లోపలున్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.