పెడల్ ఆర్గన్‌లో గాలి నిలవడం లేదా? తిత్తి గుడ్డ కోసే ముందు ఇవి చూడండి

పైపుల ఆర్గన్‌ను తెచ్చి నిలబెట్టే వసతి లేని చోట్ల క్రైస్తవ మిషన్లు, గాలికి కంపించే లోహపు నాలుకలు (రీడ్లు) పలికే, కాళ్ళతో తొక్కే రీడ్ ఆర్గన్‌లనే వాడుకున్నాయి. ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు సంఘాలలో అటువంటి పాత వాద్యం ఏదైనా మిగిలి ఉంటే, దానిని బాగుచేయడానికి పూనుకునే వారి కోసం ఇది రాస్తున్నాను. స్క్రూడ్రైవర్ పట్టడం, వెనుక పలక విప్పడం, మెట్లను (వేళ్ళతో నొక్కే కీలను) వరుస తప్పకుండా తీసి పెట్టడం మీకు తెలుసుననే అనుకుంటున్నాను.

ముందుగా మీ ఆర్గన్ ఏ రకానిదో తేల్చుకోండి. 1840ల తొలినాళ్ళలో పారిస్‌లో దెబేన్ పేటెంటు పొందిన హార్మోనియం గాలిని రీడ్ల గుండా బయటికి నెడుతుంది. అమెరికన్ ఆర్గన్ దానికి భిన్నంగా, గాలిని రీడ్ల గుండా లోపలికి పీలుస్తుంది. తొక్కుతున్నప్పుడు లోపలి పెద్ద తిత్తి మూసుకుపోయి, ఆపిన తరువాత స్ప్రింగుల బలంతో మెల్లగా తెరుచుకుంటే అది పీల్చే రకం. ఇక్కడ చెప్పేదంతా ఆ రకం గురించే.

గాలి చాలడం లేదు, ఎంత తొక్కినా స్వరం నీరసిస్తోంది

ఈ ఫిర్యాదు సాధారణంగా ఎండలు ముదిరే కాలంలో, అంటే మట్టల ఆదివారం, ఈస్టరు ఆరాధనలకు వాద్యం ఎక్కువగా వాడే రోజులలోనే వస్తుంది. వెనుక పలక తీసి చూస్తే పాతబడి మాసిన తిత్తి గుడ్డ కనబడుతుంది కనుక అందరూ దానినే దోషిగా నిర్ణయించి, సంఘ పెద్దల చేత డబ్బు ఖర్చు పెట్టించి కొత్త గుడ్డ వేయిస్తారు. తీరా చూస్తే ఆర్గన్ మునుపటిలాగే రొప్పుతూ ఉంటుంది. ఇది ఎన్నో చోట్ల చూసి బాధపడినవాడిగా చెబుతున్నాను: తిత్తిని ముట్టుకునే ముందు, ఆ తిత్తి మీద కూర్చున్న రీడ్ల పెట్టె అడుగున ఉన్న స్క్రూలను చూడండి.

రీడ్లూ, వాటికి గాలి దారి తెరిచి మూసే మూతలైన పాలెట్లూ ఉండే చెక్క పెట్టె, తిత్తికి పైకప్పుగా ఉండే పలక మీద స్క్రూలతో బిగించి ఉంటుంది. ఆ రెండింటి మధ్య గాలి దూరకుండా పలచని తోలు పట్టీ ఒకటి నలిగి ఉంటుంది. జూన్ నుండి సెప్టెంబరు దాకా తేమను పీల్చి చెక్క ఉబ్బుతుంది. స్క్రూ మాత్రం కదలదు కనుక, ఉబ్బిన చెక్క తన నారనే స్క్రూ తల కింద నలిపేసుకుంటుంది, తోలు కూడా అణగిపోతుంది. వేసవిలో చెక్క ఎండి ముడుచుకున్నప్పుడు ఆ నలిగిన మేరకు సందు మిగిలిపోతుంది. ఏటేటా ఆ సందు కొంచెం కొంచెం పెరుగుతుంది. అక్కడి నుండి గాలి ఏ స్వరాన్నీ పలికించకుండా నేరుగా తిత్తిలోకి చేరుతుంది కాబట్టి చెవికి సన్నని బుస తప్ప మరేమీ తెలియదు. ఆ బుస కూడా తొక్కుడు చప్పుడులో కలిసిపోతుంది. తప్పు పట్టుకోవడం కష్టమయ్యేది ఇందువల్లనే.

పరీక్ష ఇలా చేయాలి. స్వర వరుసలను తెరిచి మూసే పిడులైన స్టాప్‌లన్నీ లోపలికి నెట్టి, మెట్లేవీ నొక్కకుండా, తిత్తి పూర్తిగా మూసుకునే దాకా తొక్కి ఆపండి. అది తిరిగి తెరుచుకోవడానికి అర నిమిషం పట్టిందంటే నేను ఆ తిత్తి జోలికి పోను. నాలుగైదు సెకన్లలోనే తెరుచుకుంటే కారుడు ఉన్నట్టే. అయితే ఎక్కడ? మరొకరిని తొక్కమని, ఒక సన్నని దూదిపోగును రీడ్ల పెట్టె అంచు వెంట మెల్లగా జరపండి. కారే చోట అది సందులోకి లాగబడుతుంది. ఇంకా అనుమానం తీరకపోతే పెట్టెను పూర్తిగా ఎత్తి పక్కన పెట్టి, కింది పలకలోని గాలి రంధ్రం మీద మందమైన రబ్బరు షీటు పరచి, దానిపై చదునైన చెక్క ఉంచి మళ్ళీ తొక్కండి. ఇప్పుడు గాలి నిలిచిందంటే తిత్తిలో ఏ దోషమూ లేదు. ఇప్పుడూ నిలవకపోతేనే తిత్తి గుడ్డ మార్చే ఆలోచన చేయాలి.

స్క్రూలు బిగించేటప్పుడు ఒక చివర మొదలుపెట్టి వరుసగా గట్టిగా తిప్పుకుంటూ పోకూడదు. ఎదురెదురుగా ఉన్నవాటిని పావు చుట్టు చొప్పున, రెండు మూడు విడతలుగా తిప్పాలి. వెనుక వరుస పలక తీయగానే దొరుకుతుంది. ముందు వరుస చాలా వాద్యాలలో మెట్ల ముందరి పట్టీ విప్పితేనే కనబడుతుంది కనుక, దానిని వదిలేసి బిగించామనుకునేవారే ఎక్కువ. ఎండాకాలంలో బలం కొద్దీ బిగించారంటే వచ్చే వర్షాకాలంలో చెక్క మరింత నలుగుతుంది, లేదా పగులుతుంది. ఆనేంత వరకు బిగించి ఆపి, వానలు వెనుకబట్టాక నవంబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి చూసుకోవడం మేలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ముంచెత్తినట్టు అకాలంలో తేమ పట్టినప్పుడు, వాద్యం తనంతట తాను ఆరే దాకా స్క్రూల మీద చేయి వేయవద్దు.

రంధ్రం అరిగి స్క్రూ ఊరికే తిరుగుతుంటే లావు స్క్రూ ఎక్కించకండి. సన్నని కర్ర పుల్లకు వడ్రంగి వజ్రం (జంతువుల తోలు, ఎముకలతో చేసే జిగురు) రాసి రంధ్రంలో దించి, ఆరాక పాత స్క్రూనే వేయండి. వజ్రం అయితే వేడికీ తడికీ మళ్ళీ ఊడుతుంది. సింథటిక్ బంక పెడితే రేపు విప్పవలసినవారు చెక్కనే చీల్చవలసి వస్తుంది. తోలు పట్టీ గట్టిపడి ఉంటే అదే మందం మేక తోలు వేయాలి. సిలికాన్ పూసి సందు మూయడం ఈ వాద్యానికి చేసే పెద్ద అపకారం. కారుడు సరిచేయకుండా తిత్తికి కరెంటు మోటారు తగిలించడమూ అటువంటిదే. మోటారు ఎక్కువ గాలి లాగుతుంది కనుక లోపం కొంతకాలం కనబడదు గాని, ఆ అధిక ఒత్తిడిని రీడ్లు భరించవలసి వస్తుంది. మోటారు పెట్టదలచినా ముందు పై పరీక్షలో వాద్యం నెగ్గాలి.

మెట్టు వదిలినా స్వరం ఆగదు

మొదట కప్లర్ (ఒక మెట్టు నొక్కితే మరో మెట్టునూ దానితో పలికించే ఏర్పాటు) స్టాప్‌ను లోపలికి నెట్టండి. స్వరం ఆగితే లోపం కప్లర్‌లో ఉంది, మెట్టులో కాదు. ఆగకపోతే మెట్టుకూ పాలెట్‌కూ మధ్య ఉండే కర్ర పుల్ల వానాకాలపు తేమకు ఉబ్బి తన రంధ్రంలో ఇరుక్కుని ఉంటుంది. దానిని తీసి సన్నని గరుకు కాగితంతో ఒకటి రెండుసార్లు తుడిచి, పెన్సిల్ గ్రాఫైట్ రాస్తే చాలు. స్ప్రింగును సాగదీయవద్దు.

ఒక మెట్టు మాత్రం పలకదు

దుమ్ము. రీడ్ కొక్కెంతో ఆ రీడును లాగి, మెత్తని బ్రష్‌తో వేరు నుండి కొన వైపు తుడిచి తిరిగి తోయండి. నాలుకను గోకితే శ్రుతి మారిపోతుంది, పోయిన లోహం తిరిగి రాదు.

ఎలుక కొరికిన తోలు, విరిగిన పెడల్ పట్టీ వంటివి చూడగానే తెలుస్తాయి. రీడు నాలుకే పగిలిపోవడం అరుదు. అప్పుడు పగిలిన రీడును పారేయకుండా, కొత్తది చేసేవారికి కొలత కోసం వాద్యం లోపలే ఒక పొట్లంలో కట్టి ఉంచండి.