మిద్దె తోట పాఠాలు – 6: రాలిన ఆకును పోగుచేసుకునే విధానం

గత పాఠం చదివి వంటింటి చెత్తతో ఎరువు మొదలుపెట్టిన వారికి ఈపాటికి డ్రమ్ము మూత తీయగానే పుల్లటి వాసన తగిలి, అడుగున నల్లటి నీరు చేరడం కనిపించి ఉంటుంది. తడి ఎక్కువై పొడి తక్కువైనప్పుడు జరిగేది ఇదే. ఎరువు చక్కగా మాగాలంటే ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కర్బనం ఉండాలి. కూరగాయల తొక్కుల్లో అంత కర్బనం ఉండదు; ఎండుటాకులో చెట్టును బట్టి 40 నుంచి 80 పాళ్ల వరకు ఉంటుంది. కొబ్బరి పొట్టు కొని ఈ లోటు పూడ్చేవారు ఉన్నారు గాని, వీధి చివర ఊరికే రాలిపడుతున్న దానిని వదిలి డబ్బు పెట్టి కొనడం నాకు రుచించదు.

మొదట కాలం తెలుసుకోవాలి. మన ప్రాంతంలో మాఘం నుంచి చైత్రం ఆరంభం వరకు ఆకురాలు కాలం. టేకు ముందుగా రాల్చడం మొదలుపెడుతుంది. వేప, రావి, కానుగ, నిద్రగన్నేరు ఆ తరువాత అందుకుంటాయి. ఉగాది పచ్చడికి వేపపువ్వు దొరికే నాటికి వేపాకు రాలడం దాదాపు ముగిసిపోతుంది కనుక, ఏడాదికి సరిపడా నిల్వ అంతకు ముందే చేసుకోవాలి. బాదం చెట్టు మాత్రం ఏడాదిలో రెండు సార్లు ఆకు రాలుస్తుంది.

ఎంత కావాలన్నది తరువాతి ప్రశ్న. పాతిక కిలోల బియ్యం సంచిలో వేపాకును కాలితో తొక్కి తొక్కి నింపి తూకం వేస్తే నాకు నాలుగు కిలోలు కూడా తూగలేదు; మాగిన తరువాత అది సంచి అడుగున చారెడు మేరకు దిగిపోయింది. కాబట్టి ఇరవై కుండీలున్న మిద్దెకు పది పన్నెండు సంచులు ఎక్కువనుకోకండి.

ఆకు ఎక్కడిదైనా, అది చెత్తబండి ఎక్కక ముందే మన చేతికి రావడం ముఖ్యం. ఒక ఏడాది తొందరలో రోడ్డు పక్క వారాల తరబడి పడి ఉన్న కుప్ప నుంచి నాలుగు సంచులు తెచ్చుకున్నాను. గుట్కా పొట్లాలు, గాజు పెంకులు ఏరడంతోనే ఒక పూట గడిచింది. తొలకరి పడగానే కుండీలన్నింటిలో వయ్యారిభామ మొలిచింది. అప్పటి నుంచి కాలనీ పార్కును, అపార్టుమెంటు ఆవరణను, బడి ఆవరణను మాత్రమే నమ్ముకున్నాను. ఉదయం ఊడ్చే సమయానికి ఖాళీ సంచులు, కొబ్బరి ఈనెల చీపురు పట్టుకుని వెళ్లి, ఊడ్చే అమ్మకు ముందే చెప్పుకుంటే, ఆమె ఆకును ప్లాస్టిక్‌తో కలవకుండా ఒక పక్కకు తోసి ఉంచుతుంది. మోసే బరువు తగ్గుతుంది కనుక ఆమెకూ సంతోషమే. గుడి ఆవరణలో రావి, వేప జంటగా ఉంటాయి గాని, అక్కడి ఆకులో దారాలు, అగరుబత్తి కవర్లు తప్పకుండా ఉంటాయి, ఏరుకోవాలి. పచ్చిక మీద కలుపుమందు కొట్టారేమో అడగకుండా ఎక్కడి ఆకూ తీసుకోవద్దు. అడవిలోని ఆకు జోలికి అసలే పోవద్దు. చట్టం లెక్కలో అది అటవీ ఉత్పత్తి, పైగా ఆ నేలకు అదే ఎరువు.

ఆకును కాల్చేసే కాలనీ అయితే సంఘం వారితో మాట్లాడటం ఇంకా తేలిక. ఆరుబయట చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో దేశమంతటా నిషేధించి, మామూలుగా కాలిస్తే 5,000, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయల జరిమానా విధించాలని చెప్పింది. ఈ మాట మర్యాదగా చెప్పి, సంచులు మేమే తెచ్చుకుంటామంటే కాదనేవారు అరుదు.

అన్ని ఆకులూ ఒకటి కావు. నిద్రగన్నేరు ఆకు చింతాకంత ఉంటుంది, నలపనక్కరలేదు, త్వరగా మాగుతుంది; నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. కాయలు మాత్రం ఏరెయ్యాలి, లేకపోతే మొలుస్తాయి. వేపాకు వానపాములను చంపుతుందన్న భయం చాలామందికి ఉంది; ఎండి రాలిన ఆకుతో నాకు ఆ ఇబ్బంది ఎన్నడూ రాలేదు. బాదం ఆకును యథాతథంగా కుండీలో పరిస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను. ఆకు మీద ఆకు పెంకుటింటి కప్పులా సర్దుకుని, పోసిన నీరంతా అంచుల వెంట జారిపోయింది. ఎత్తి చూస్తే కింద మట్టి పొడిగా ఉంది. కాబట్టి బాదం, టేకు, పనస, మామిడి ఆకులను బాగా ఎండబెట్టి, సంచిలో ఉంచి మూతి కట్టి తొక్కాలి. నీలగిరి ఆకులోని తైలం మొలకలకు పడదు, విత్తనాల ట్రేల దగ్గరకు రానివ్వద్దు. తీరప్రాంతం వారు సరుగుడు పుల్లాకును ఎరువుకు కాక నడిచే దారిలో పరుచుకోవడం మేలు, అది చాలా నెమ్మదిగా మాగుతుంది.

కుప్పను చేతితో తాకే ముందు కర్రతో కదిలించాలి. తేళ్లు, జెర్రులు ఎండుటాకు కిందే చేరతాయి. ఇంటికి తెచ్చిన ఆకును ఒక రోజు ఎండలో పరిచి, పిడికిట పట్టి నలిపితే పెళపెళమనే దాకా ఉంచి, ఆ తరువాతే సంచికెత్తి వాన తగలని చోట పెట్టాలి. కుండీలో ఆచ్ఛాదనగా వాడేటప్పుడు రెండు మూడు అంగుళాల మందం చాలు. కాండం చుట్టూ రెండు అంగుళాలు ఖాళీ వదలాలి, లేకుంటే మొదలు కుళ్లుతుంది.

ఈ వారం అభ్యాసంగా మీ ఇంటి చుట్టూ అరకిలోమీటరు నడిచి, ఏ చెట్లున్నాయో, వాటి కింద ఎవరు ఏ వేళకు ఊడుస్తారో ఒక కాగితం మీద రాసుకోండి. వచ్చే పాఠంలో ఆ ఆకుతో డ్రమ్మును పొరలు పొరలుగా నింపుదాము. అప్పటికి కనీసం రెండు సంచులు సిద్ధంగా ఉండాలి.