నేత్రాణి రాళ్ల దగ్గర తొలిసారి నీళ్లలోకి దిగడం ఎలా?

కర్ణాటకలో మురుడేశ్వర్ నుంచి సుమారు 19 కిలోమీటర్లు పడవలో వెళ్తే నేత్రాణి దీవి వస్తుంది. వర్షాకాలంలో డైవింగ్ (సిలిండర్ గాలి పీలుస్తూ నీటి లోపలికి దిగడం) ఉండదు. దీవి అంచున రాళ్లకు పగడాలు పట్టి ఉంటాయి. స్నార్కెలింగ్‌కీ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి మీదే తేలుతూ కిందికి చూడడం) తొలి డైవ్‌కీ అక్కడి తక్కువ లోతే చాలు. లోతు తక్కువని తేలిగ్గా తీసుకోకండి. చెవులను ఇబ్బంది పెట్టేది మొదటి పది మీటర్లే, ఒత్తిడి రెట్టింపయ్యేది అక్కడే.

1. పడవెక్కే గంట ముందు రెండు ఇడ్లీలు తినండి. వాంతుల మాత్ర డాక్టర్ని అడిగి అప్పుడే వేసుకోండి. జలుబుంటే డైవ్ మానుకోండి.

2. మాస్క్‌ను పట్టీ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చేయి తీసినా పడిపోకపోతే సరిపోయినట్టే. మీసం దగ్గర నీళ్లు కారతాయి. వదులుకోలేనివారు కనీసం ముక్కు కింద కాస్త గీసుకోవాలి. అద్దం లోపల ఉమ్మి రాసి కడిగితే ఆవిరి పట్టదు.

3. సైగలు నేర్చుకోండి. బొటనవేలు పైకెత్తితే "బాగుంది" అని కాదు, "పైకి పోదాం" అని. అలవాటుకొద్దీ వేలెత్తేసి, చేపలు చూడకుండానే తేలిపోయేవాళ్లు చాలామంది.

4. డైవ్‌లో కాళ్లు కిందికి పెట్టి నిదానంగా దిగండి. ప్రతి అర మీటరుకూ, నొప్పి రాకముందే, ముక్కు మూసి మెల్లగా గాలి ఊదండి. చెవి తెరుచుకోకపోతే మీటరు పైకొచ్చి మళ్లీ ప్రయత్నించండి. గట్టిగా ఊదితే కర్ణభేరి దెబ్బతింటుంది.

5. సిలిండర్ గాలి పీల్చేటప్పుడు ఊపిరి ఎప్పుడూ బిగబట్టకండి. పది మీటర్ల దగ్గర నిండా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెట్టింపు అవుతుంది. బయటికి పోయే దారి లేకపోతే ఊపిరితిత్తులు చిట్లుతాయి.

6. రాళ్లకు రెండు మీటర్ల దూరం పాటించండి. అల మిమ్మల్ని ముందుకూ వెనక్కూ ఊపుతుంది. దాంతో పోట్లాడితే ఆయాసమే. అది వెనక్కి లాగేటప్పుడు ఆగి, ముందుకు నెట్టేటప్పుడు ఫిన్లు (పాదాలకు తొడిగే రెక్కలు) ఆడించండి. ఆసరాకని రాయి పట్టుకోవద్దు. రాళ్లను పట్టుకుని ఉండే ముళ్ల బంతిలాంటి జీవి సీ అర్చిన్, దాని ముళ్లు చర్మంలో దిగి విరిగిపోతాయి. విషపు ముళ్లున్న స్కార్పియన్ ఫిష్ అచ్చం రాయిలాగే ఉంటుంది.

స్నార్కెలింగ్ చేసేవారు లైఫ్ జాకెట్ విప్పకుండా, పడవ కనిపించేంత దూరంలోనే ఉండాలి. వీపు కాలిపోకుండా నిండు చేతుల చొక్కా వేసుకోవాలి.

డైవ్ చేసినవారు ఒక్కసారైతే 12 గంటలు, ఎక్కువసార్లైతే 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి. డైవ్‌లో ఒంట్లో కరిగిన నైట్రోజన్, వెంటనే ఎత్తుకు వెళ్తే బుడగలు కట్టవచ్చు. ఘాట్ రోడ్డూ ఎత్తుకే ఎక్కిస్తుంది. హైదరాబాద్ బస్సుకు ఆ సాయంత్రమే టికెట్ తీసుకోకండి.