బీటీ పత్తి ఆకు నీళ్లలో పడితే ఏమవుతుంది? మిద్దె మీద 28 రోజుల్లో పరీక్షించడం ఎలా?

బీటీ అనే నేల బ్యాక్టీరియా జన్యువును చేర్చిన పత్తే బీటీ పత్తి. దానికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. పురుగును చంపే క్రై ప్రోటీన్ కాయలోనే కాదు, ఆకులోనూ ఉంటుంది. ఆ ఆకు రాలి వాగులోకి, చెరువులోకి చేరుతుంది. అమెరికాలోని ఇండియానాలో బీటీ మొక్కజొన్న కోసిన ఆరు నెలల తర్వాత 217 చోట్ల వాగునీళ్లు పరీక్షిస్తే, 23 శాతం చోట్ల ఈ ప్రోటీన్ దొరికింది. పత్తి ఆకు సంగతి, అంటే బీటీ ఆకు నీళ్లలో మామూలు ఆకులాగే కుళ్లుతుందా, నత్తలకు ఏమైనా అవుతుందా అన్నది, బెంగళూరులో ఇంటి మిద్దె మీదే కొంతవరకు చూడొచ్చు.

ఆకు తేవడం: సగం పని ఇక్కడే ఉంది. దసరాకు ఆదోని, రాయచూరు వైపు ఊరెళ్లినప్పుడే కోసుకోండి. సంక్రాంతి దాకా ఆగితే ముదిరిన ఆకులో ప్రోటీన్ బాగా తగ్గిపోతుంది. పోల్చడానికి బీటీ కాని ఆకు కూడా కావాలి. అది వేరే ఊరి నాటు పత్తి అయితే కుదరదు, ఆకు మందమే వేరు. ఇప్పటి విత్తన ప్యాకెట్‌లో 5 నుంచి 10 శాతం బీటీ కాని గింజలు కలిపే ఇస్తారు కాబట్టి అదే చేలో వెతకాలి. చూపుకు తేడా తెలియదు. చివరి లేత ఆకును ట్యూబులో ద్రావణంతో నూరి బీటీ స్ట్రిప్ (క్రై ప్రోటీన్ ఉందో లేదో చూపే పరీక్ష పట్టీ) ముంచండి. రెండు గీతలు పడితే బీటీ, పై గీత ఒక్కటే పడితే కాదు. ముదురు ఆకుతో చూస్తే బీటీ మొక్క కూడా కాదన్నట్టు చూపించవచ్చు. దొరికిన మొక్కకు గుడ్డపీలిక కట్టండి. పక్కపక్క మొక్కల నుంచే, మందు కొట్టి కనీసం మూడు వారాలయ్యాక ఆకు కోయండి. లోపలికి ఇంకే మందు కడిగినా పోదు, చివరికి మీరు కొలిచేది ఆ మందు ప్రభావమే అవుతుంది.

కలుపుమందు తట్టుకునే పత్తి ఆకు తేవద్దు. దానికి అనుమతి లేదు. పైగా అక్కడ నీళ్లకు అసలు ముప్పు ఆకుతో కాదు, చల్లే గ్లైఫోసేట్ అనే కలుపుమందు డబ్బాతో.

ఆకును కాగితం సంచిలో తెచ్చి ఫ్యాను కింద, నీడలో వారం ఆరబెట్టండి. ఎండలో పెడితే ప్రోటీన్ చెడుతుంది.

టబ్బులు: 20 లీటర్లవి ఆరు, మూడు బీటీకి, మూడు కానిదానికి. కావేరీ నీళ్లు పట్టి రెండు రోజులు గాలి పంపు పెట్టి ఉంచితే క్లోరిన్ పోతుంది. బెళ్లందూరు, వర్తూరు చెరువుల నీళ్లు వద్దు, మురుగుకే ప్రాణులు చస్తాయి. ఒక్కో టబ్బులో పాత అక్వేరియం నీళ్లు ఒక గ్లాసు, చిన్న నత్తలు పది వేయండి. పైన దోమతెర తప్పనిసరి, లేదంటే డెంగీ దోమలు పెంచినట్టే. దోమల లార్వాకు వేసే బీటీఐ మాత్ర మాత్రం దగ్గరికి రానివ్వకండి. అదీ బీటీ బ్యాక్టీరియా జాతిదే, మొత్తం పాడవుతుంది.

సంచులు: ఉల్లిపాయల వల సంచిని కత్తిరించి, ఒక్కో దానిలో బంగారం తూచే కాటాతో 1.00 గ్రాము ఆకు వేసి కుట్టండి. టబ్బుకు నాలుగు. ముందుగా నానబెట్టి ఆ నీళ్లు పారబోయకండి, మొదటి రోజే చాలా ప్రోటీన్ అందులోకి దిగుతుంది. మరో మూడు 1 గ్రాము పొట్లాలు ఓటీజీలో (ఇంట్లో వాడే కరెంటు ఓవెన్) 60 డిగ్రీల దగ్గర 24 గంటలు ఎండబెట్టి తూచండి. సగటున 0.90 వస్తే, మీ అసలు ఆకు 0.90 గ్రాములే, మిగతాది తేమ. ఈ లెక్క వదిలేస్తే ఆకు కుళ్లకుండానే పది శాతం తగ్గినట్టు కనబడుతుంది.

7, 14, 21, 28 రోజులకు టబ్బుకొక సంచి తీసి, టీ జల్లెడలో మెల్లగా కడిగి, అలాగే ఓటీజీలో ఎండబెట్టి తూచండి. నత్తల్ని లెక్కపెట్టండి.

ఒకే రకం టబ్బుల మధ్యే ఎక్కువ తేడా వస్తే, రెండు రకాల మధ్య కనిపించే చిన్న తేడాను పట్టించుకోకండి. మరో మాట, సీతాకోకచిలుకలకు దగ్గరి చుట్టాలైన కాడిస్ పురుగులు పారే నీళ్లలో ఇసుక గూళ్లు కట్టుకుంటాయి. నీళ్లలో పడ్డ బీటీ ఆకు హాని చేస్తుందేమో అని 2007లో అనుమానం మొదలైంది వాటి గురించే. మీ టబ్బులో అవి ఉండవు కాబట్టి వాటి గురించి ఇది ఏమీ చెప్పదు.

పని అయ్యాక ఆ నీళ్లు పూలకుండీలకు పోయండి. చెరువులోకి, కాలువలోకి వద్దు.