కారు స్టీరియో మరమ్మతు – 4వ పాఠం: తలుపు కదిపితే పోయే స్పీకరు

పోయిన పాఠంలో చెప్పినట్టు స్పీకరు రెసిస్టెన్స్ కొలిచినవాళ్ళలో చాలామందికి మీటరులో 3.4, 3.6 ఓమ్‌లు వచ్చాయి. స్పీకరు బాగానే ఉందనుకుని ట్రిమ్ (తలుపు లోపలి ప్యానెల్) మూసేశారు. రాయగడ నుంచి కోరాపుట్ వైపు ఘాటీ ఎక్కగానే ఎడమ ముందు తలుపు మళ్ళీ మూగబోయింది. మీ కొలత తప్పు కాదు. 4 ఓమ్‌ల స్పీకరు డీసీ రెసిస్టెన్స్ మామూలుగా అంతే ఉంటుంది. కాకపోతే బండి ఆగి, తలుపు మూసి ఉన్నప్పుడు కొలిచారు. ఆ సమయంలో తెగిన తీగ కొసలు రెండూ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. వచ్చీపోయే లోపాన్ని కదిలిస్తూ కొలవాలి. ఆ మాట పోయిన పాఠంలోనే గట్టిగా చెప్పాల్సింది.

ట్రిమ్ ఊడదీయడం, డాష్‌బోర్డులోంచి స్టీరియో సెట్టు బయటికి లాగడం మీకు వచ్చేసింది కాబట్టి వాటి జోలికి పోను. బ్యాటరీ మైనస్ తీసే ముందు సెట్టు మళ్ళీ కరెంటు ఇచ్చాక కోడ్ అడిగే రకమేమో మాన్యువల్‌లో చూసుకోండి, అంతే.

అసలు పనికి ముందు ఒక పొరపాటు సరిదిద్దాలి. ఇద్దరు ముగ్గురు కాదు, చాలామంది చేశారు. స్పీకరు మైనస్ తీగ తెగిందేమోనని అనుమానం వచ్చి, స్పీకరు మైనస్ కొస నుంచి కొత్త తీగ లాగి తలుపు బోల్టుకు బిగించారు. హెడ్‌లైటుకూ హారనుకూ మైనస్ అంటే బండి ఇనుప బాడీయే కదా అన్నది వాళ్ళ లెక్క. స్పీకరుకు ఆ లెక్క చెల్లదు. ఇప్పటి సెట్లలో యాంప్లిఫయర్ ఐసీ (శబ్దాన్ని పెంచే చిప్పు) ప్రతి స్పీకరునూ రెండు వైపుల నుంచీ నడుపుతుంది. సెట్టు ఆన్ చేసి, పాట ఆపి, స్పీకరు ప్లస్ తీగకూ బాడీకీ మధ్య వోల్టేజి చూడండి. దాదాపు 6 వోల్టులు ఉంటుంది. మైనస్ తీగకూ బాడీకీ మధ్య చూసినా అదే 6. రెండింటి మధ్య చూస్తే దాదాపు సున్నా. అంటే మైనస్ అని రాసున్న తీగలో కూడా బ్యాటరీలో సగం కూర్చుని ఉంది. దాన్ని బాడీకి తగిలిస్తే షార్టే. ఐసీ తనను కాపాడుకోవడానికి నోరు మూసుకుంటుంది. ఒక్కోసారి ఆ అవకాశం కూడా లేకుండా కాలిపోతుంది. స్పీకరు మైనస్‌ను బాడీకి కలపకండి. టెస్ట్ ల్యాంపు క్లిప్పు బాడీకి పెట్టి స్పీకరు తీగలను గుచ్చి చూడటం కూడా మానేయండి.

ఈ సంగతి తెలిస్తే లోపం పట్టుకోవడం కూడా తేలిక. ఒక్క స్పీకరే పోయి వస్తుంటే ఆ దారిలో ఎక్కడో తీగ విడిపోతోంది. నాలుగూ ఒకేసారి ఆగి, కాసేపటికి ఒకేసారి వస్తుంటే ముందు షార్టును అనుమానించండి. తొడుగు అరిగి రాగి తలుపు రేకును తాకితే చాలా సెట్లలో ఐసీ అన్నింటినీ ఆపేస్తుంది. సెట్టు కనెక్టరు తీసేసి ప్రతి స్పీకరు తీగకూ బాడీకీ మధ్య ఓమ్‌లు చూడండి. ఎన్ని ఓమ్‌లు చూపినా ఎక్కడో షార్టు ఉన్నట్టే.

ఇక కదిలిస్తూ కొలవడం. సెట్టు వెనక కనెక్టరు పీకి, ఆ తలుపు తాలూకు రెండు పిన్నులకు మీటరు తగిలించండి. మీటరు లావు మొన ఆడ పిన్నులోకి దూర్చకండి, అది వెడల్పయి మరో కొత్త లోపం మొదలవుతుంది. కనెక్టరు వెనక నుంచి సన్నని గుండుసూది దింపి, దానికి మొసలి క్లిప్పు పెట్టండి. ఈ పనికి నా ఓటు పాత ముల్లు మీటరుకే. డిజిటల్ మీటరు అంకె సెకనుకు రెండు మూడు సార్లే మారుతుంది, ఆ మధ్యలో తెగి అతుక్కున్నది కనిపించదు. డిజిటలే ఉంటే బీప్‌లో పెట్టి చెవితో వినండి. ఇంకొకరు తలుపును మెల్లగా పూర్తిగా తెరిచి మూయాలి. ముల్లు ఎక్కడ పడిపోతుందో ఆ కోణం దగ్గర ఆపండి.

అక్కడ ఆపి, తలుపుకూ స్తంభానికీ మధ్య ఉన్న రబ్బరు గొట్టం వెనక్కి జరపండి. లోపల తీగలన్నీ పైకి నున్నగానే ఉంటాయి. ఒక్కొక్కటీ రెండు వేళ్ళతో పట్టి కాస్త లాగండి. మంచి తీగ కదలదు. రాగి తెగినది రబ్బరులా సాగుతుంది, ఆ చోట తొడుగు సన్నబడుతుంది.

తెగిన చోటే అతకకండి. టంకం పీల్చుకున్న తీగ బిరుసెక్కి, తలుపు వంగే చోట కొన్నాళ్ళకే మళ్ళీ విరుగుతుంది. 0.75 చదరపు మిల్లీమీటర్ల మెత్తని మల్టీ స్ట్రాండ్ రాగి తీగ తీసుకోండి. గొట్టానికి అటు బండి లోపల ఒక అతుకు, ఇటు తలుపు లోపల ఒక అతుకు రావాలి, గొట్టంలో మాత్రం ఒక్కటీ ఉండకూడదు. తలుపు పూర్తిగా తెరిచినా తీగ బిగుసుకోకూడదు. అతుకుల మీద హీట్ ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకుని పట్టేసే తొడుగు) వేయండి. మామూలు ఇన్సులేషన్ టేపు జిగురు ఎండాకాలం కారి జారిపోతుంది.

తలుపు కదిపినా ముల్లు పడకపోతే స్పీకరు దగ్గరికి వెళ్ళండి. కోన్ (స్పీకరులో కదిలే గరాటు) నుంచి టెర్మినల్‌కు వచ్చే అల్లిక తీగను అగ్గిపుల్లతో కదపండి. శబ్దం పెంచినప్పుడే పోయే లోపం ఎక్కువగా అక్కడే. గోపాలపురం, ఛత్రపురం లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో పిన్నుల మీద ఆకుపచ్చ తుప్పు ఉందేమో చూడండి. కాంటాక్ట్ క్లీనరుతో తుడవండి, పెట్రోలు వద్దు. అరగంట వేడెక్కాకే పోతుంటే లోపం సెట్టులోని టంకంలో, అది ఆరో పాఠం.

మూసేముందు తలుపు లోపలి ప్లాస్టిక్ షీటు చుట్టూతా అంటించండి. చిరిగిన షీటు వదిలేస్తే అద్దం సందులోంచి దిగే వాననీళ్ళు స్పీకరు మీద, ట్రిమ్ మీద పడతాయి.

అభ్యాసం: నాలుగు తలుపులకూ చేయండి, బాగున్నవాటికి కూడా. తలుపు మూసి, పావు, సగం, పూర్తిగా తెరిచి, గొట్టం నలుపుతూ, స్పీకరు తీగ కదుపుతూ, ఇలా తలుపుకు ఆరు కొలతలు, మొత్తం 24. ప్రతి తీగకూ బాడీకీ మధ్య కొలత వేరుగా, ఎనిమిది. అతుకు వేశాక 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లు ప్లస్‌ను ప్లస్ తీగకు, మైనస్‌ను మైనస్ తీగకు ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి రావాలి. లోపలికి పోతే తీగలు తారుమారయ్యాయి, విప్పి మళ్ళీ అతకండి.