పాత చదరంగం ఆటల్లో పావుల త్యాగాన్ని ఎలా చదవాలి?

మంత్రిని ఊరికే ఇచ్చేసి మరుసటి ఎత్తులో ఆట కట్టించే ఆటలు చూడ్డానికి భలే ఉంటాయి. చూసి వదిలేస్తే మాత్రం ఆ ఎత్తులు మన ఆటలోకి రావు. పావు ఇవ్వడానికి ధైర్యం అక్కర్లేదు. ఇచ్చాక ఎదుటి రాజు చుట్టూ ఏ గడి ఎవరి కాపలాలో ఉంటుందో తెలియాలి, అంతే. ఆ లెక్క పట్టుబడాలంటే 20 ఎత్తుల లోపు ముగిసిన పాత ఆటలే మంచివి. వాటిలో తప్పు ఎక్కడ జరిగిందో, శిక్ష ఎక్కడ పడిందో స్పష్టంగా కనిపిస్తుంది.

కావలసినవి: నిజమైన బోర్డు, నోటుపుస్తకం, రాబోయే ఎత్తులను కప్పడానికి ఒక అట్టముక్క. ఫోన్‌లో చదరంగం ఇంజిన్‌ను (ఎత్తుల్ని లెక్కగట్టి చెప్పే ప్రోగ్రామ్) చివరి వరకూ తెరవకండి. విలువలు మామూలువే: బంటు 1, గుర్రం 3, బిషప్ 3, ఏనుగు 5, మంత్రి 9. ఇక్కడ ఏనుగు అంటే మూలన ఉండే పావు.

మొదటి మెట్టు: త్యాగానికి ముందు ఆపండి

1858లో పారిస్ ఒపేరాలో, ప్రదర్శన నడుస్తుండగానే, పాల్ మార్ఫీ తెల్లపావులతో ఆడాడు. ఎదురుగా బ్రన్స్‌విక్ డ్యూక్, కౌంట్ ఇసువార్ కలిసి నల్లపావులు నడిపారు. ఈ ఎత్తుల్ని బోర్డు మీద వేయండి (ప్రతి జంటలో ముందుది తెలుపు ఎత్తు; గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డు వరుస; పావు పేరు లేకపోతే బంటు; × అంటే కొట్టడం):

1. ఇ4, ఇ5 2. గుర్రం ఎఫ్3, డి6 3. డి4, బిషప్ జి4 4. డి×ఇ5, బిషప్×ఎఫ్3 5. మంత్రి×ఎఫ్3, డి×ఇ5 6. బిషప్ సి4, గుర్రం ఎఫ్6 7. మంత్రి బి3, మంత్రి ఇ7 8. గుర్రం సి3, సి6 9. బిషప్ జి5, బి5.

ఇక్కడ ఆగి ఐదు నిమిషాలు చూడండి. బిషప్ మీదికి బంటు వచ్చింది, వెనక్కి తీయాలా వద్దా? జవాబు వెతికేముందు రెండు వైపులా బయటికొచ్చిన పావుల్ని లెక్కపెట్టండి. తెలుపుకు మంత్రి, ఇద్దరు బిషప్‌లు, గుర్రం కలిపి నాలుగు. నలుపుకు మంత్రి, ఒక గుర్రం, అంతే. పైగా ఇ7లో కూర్చున్న మంత్రి సొంత బిషప్‌కే దారి మూసేసింది. రాజు ఇంకా నడిమధ్యనే ఉంది. ఈ మూడూ కలిసిన చోటే త్యాగం కోసం వెతకాలి. ఒక్కటే ఉంటే చాలదు.

ఎనిమిదో ఎత్తును కూడా గమనించండి. మార్ఫీ బి7 బంటును తినొచ్చు. తింటే నలుపు మంత్రి బి4లో చెక్ ఇచ్చి మంత్రుల్ని మార్చుకుంటుంది, ఆట నెమ్మదిస్తుంది. బంటు వదిలేసి గుర్రాన్ని బయటికి తెచ్చాడు. మనలో చాలామంది ఆ బంటును తినేస్తారు.

రెండో మెట్టు: ప్రతి త్యాగానికీ పద్దు రాయండి

10. గుర్రం×బి5, సి×బి5 11. బిషప్×బి5 చెక్, బి8 గుర్రం డి7. పద్దు: గుర్రం ఇచ్చి రెండు బంట్లు తెచ్చుకున్నాడు, ఒక పాయింటు నష్టం. వచ్చిన లాభం ఏమిటంటే డి7 గుర్రం రాజుకు అడ్డంగా ఇరుక్కుంది, ఎఫ్6 గుర్రం మంత్రికి అడ్డంగా ఇరుక్కుంది. పద్దులో రెండో వైపు ఇలాంటిదేదీ రాయలేకపోతే అది త్యాగం కాదు, పావు పారేసుకోవడమే.

12. పెద్ద క్యాస్లింగ్, ఏనుగు డి8. క్యాస్లింగ్ అంటే రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదలడం; మంత్రి వైపు చేస్తే పెద్దది, రాజు వైపు చేస్తే చిన్నది. చిన్న క్యాస్లింగ్ చేస్తే ఏనుగు డి వరుసలోకి రావడానికి ఇంకో ఎత్తు పడుతుంది. పెద్దదైతే రాజు సర్దుకోవడం, ఏనుగు డి7 మీద పడటం ఒకే ఎత్తులో అయిపోతాయి. 13. ఏనుగు×డి7, ఏనుగు×డి7 14. ఏనుగు డి1, మంత్రి ఇ6 15. బిషప్×డి7 చెక్, గుర్రం×డి7.

మళ్లీ ఆపండి. 16. మంత్రి బి8 చెక్, గుర్రం×బి8 17. ఏనుగు డి8, ఆటకట్టు.

మూడో మెట్టు: తప్పించుకునే గళ్లను ఒక్కొక్కటే మూయండి

చివరి స్థితిలో రాజు చుట్టూ వేలు పెట్టి చూడండి. ఎఫ్8లో సొంత బిషప్, ఎఫ్7లో సొంత బంటు. డి7ను ఏనుగు చూస్తోంది. ఇ7ను జి5 బిషప్ చూస్తోంది, డి8 ఏనుగుకు కాపలా కూడా అదే బిషప్. ఆ బిషప్ దారి తెరిచిందెవరు? 14వ ఎత్తులో మంత్రి ఇ7ను ఖాళీ చేసింది, 15వ ఎత్తులో గుర్రం ఎఫ్6ను ఖాళీ చేసింది. రెండూ నలుపు స్వయంగా చేసిన పనులే. నలుపు హెచ్8 ఏనుగు, ఎఫ్8 బిషప్ ఆటంతా కదల్లేదు.

నాలుగో మెట్టు: ఒక్క పావు జరిపి త్యాగాన్ని చెడగొట్టండి

నా లెక్కలో మిగతావన్నీ వదిలేసినా ఈ మెట్టు వదలకూడదు. 16వ ఎత్తుకు ముందు నలుపు మంత్రిని ఇ6 నుంచి ఇ7కి జరపండి. ఇప్పుడు బి8లో తెలుపు మంత్రిని గుర్రం తిన్నాక ఏనుగు డి8కి వస్తే, ఇ7 మంత్రి దాన్ని కొట్టేస్తుంది. త్యాగం చెల్లదు.

1910లో వియన్నాలో రేటీ, టార్టకోవర్‌తో ఆడిన 11 ఎత్తుల ఆటలోనూ ఏనుగు, బిషప్ జోడీయే. 1. ఇ4, సి6 2. డి4, డి5 3. గుర్రం సి3, డి×ఇ4 4. గుర్రం×ఇ4, గుర్రం ఎఫ్6 5. మంత్రి డి3, ఇ5 6. డి×ఇ5, మంత్రి ఏ5 చెక్ 7. బిషప్ డి2, మంత్రి×ఇ5 8. పెద్ద క్యాస్లింగ్, గుర్రం×ఇ4 9. మంత్రి డి8 చెక్, రాజు×డి8 10. బిషప్ జి5, జంట చెక్ (ఏనుగు, బిషప్ రెండూ ఒకేసారి ఇచ్చే చెక్).

జి5 బిషప్‌ను నలుపు మంత్రి కొట్టగలదు, ఇ4 గుర్రమూ కొట్టగలదు. కొట్టినా లాభం లేదు, ఏనుగు చెక్ అలాగే ఉంటుంది. రాజు కదలాల్సిందే. సి7కి వెళితే బిషప్ డి8లో ఆటకట్టు, ఇ8కి వెళితే ఏనుగు డి8లో ఆటకట్టు. ఇప్పుడు చెడగొట్టండి: బిషప్‌ను జి5కి బదులు ఏ5కి పంపండి. అదీ జంట చెక్కే. కానీ ఇ7కు కాపలా లేదు, రాజు అటు నడిచిపోతుంది, తెలుపు మంత్రి పోయినట్టే.

ఎక్కువమంది దెబ్బతినేది లెగాల్ ఎత్తుగడలో

1. ఇ4, ఇ5 2. గుర్రం ఎఫ్3, డి6 3. బిషప్ సి4, బిషప్ జి4 4. గుర్రం సి3, జి6 5. గుర్రం×ఇ5! మంత్రిని తింటే (5... బిషప్×డి1) 6. బిషప్×ఎఫ్7 చెక్, రాజు ఇ7 7. గుర్రం డి5, ఆటకట్టు. మంత్రిని వదిలి ఇ5 గుర్రాన్ని బంటుతో కొడితే తెలుపు మంత్రి జి4 బిషప్‌ను కొట్టి ఒక బంటు మిగుల్చుకుంటుంది.

అదే నలుపు జి6 ఆడకుండా గుర్రాన్ని సి6లో పెట్టి ఉంటే? 5. గుర్రం×ఇ5 ఆడగానే సి6 గుర్రం ఇ5లో కొడుతుంది. అక్కడి నుంచి జి4 బిషప్‌కు కాపలా కాస్తుంది, సి4 బిషప్‌ను బెదిరిస్తుంది. తెలుపుకు దక్కేది ఒక్క బంటు. అందుకే ముందు హెచ్3 ఆడాలి. బిషప్ హెచ్5కి జరిగితే అప్పుడు ఇ5లో కొట్టండి: 6... గుర్రం×ఇ5 7. మంత్రి×హెచ్5, గుర్రం×సి4 8. మంత్రి బి5 చెక్. సి4లోని నల్ల గుర్రం తెలుపుకు దక్కుతుంది, బంటు లాభం.

ఇంజిన్ తెరవాల్సింది ఇప్పుడు, మీ పద్దుతో పోల్చడానికి. వారం తర్వాత అవే స్థితుల్ని కాగితం చూడకుండా పేర్చండి. ఎత్తులు గుర్తున్నా ఏ గడిని ఎవరు కాస్తున్నారో చెప్పలేకపోతే ఆ ఆటను మళ్లీ చేయండి.

తర్వాతి ఆటగా 1912 లండన్‌లో ఎడ్వర్డ్ లాస్కర్, జార్జ్ థామస్ మీద ఆడింది తీసుకోండి. 11వ ఎత్తుకు ముందు ఆపాలి. తెలుపు మంత్రి హెచ్7లో పడ్డాక నలుపు రాజు నడిచి నడిచి జి1 దాకా వస్తుంది, 18వ ఎత్తులో ఆటకట్టు. 1851 నాటి ఆండర్సన్ 'అమర క్రీడ'ను మాత్రం ఇంకొన్నాళ్లు ఆపండి. రెండు ఏనుగులూ, ఒక బిషప్, మంత్రి ఇచ్చిన ఆటలో కొమ్మలు చాలా ఉంటాయి, చేత్తో పద్దు రాయడం తొలిరోజుల్లో కుదరదు.