తియ్యటి సెంటు నిలవకపోయినా, తలకెక్కినా: ఎందుకలా, ఏం చెయ్యాలి

బ్రిట్నీ స్పియర్స్ 'ఫాంటసీ', పారిస్ హిల్టన్ పేరుతో వచ్చే గులాబీ సీసాలు, అరియానా గ్రాండే 'క్లౌడ్', 'స్వీట్ లైక్ క్యాండీ'. అన్నీ తారల పేరుతో అమ్మే తియ్యటి సెంట్లే, వీటన్నిటి కట్టుబడి దాదాపు ఒకటే. పైన, అంటే కొట్టగానే వచ్చేది, పండు; మధ్యలో మిఠాయి; అడుగున, అంటే చివరిదాకా మిగిలేది, వెనిల్లా, మస్క్ (కస్తూరి లాంటి వాసన). పెద్ద ఫ్యాషన్ కంపెనీల సెంట్లతో పోలిస్తే ధర బాగా తక్కువ. అందుకే శ్రీకాకుళం, విజయనగరంలో కాలేజీ పిల్లల దగ్గర్నుంచి పెళ్లికి వెళ్లే పిన్నులదాకా చాలామంది ముందుగా కొనేది వీటినే. కొన్న వారానికే ఒక అనుమానం మొదలవుతుంది: "ఇది డూప్లికేటేమో!" చాలాసార్లు సీసా మంచిదే. మన ఉక్కపోత, కొట్టుకునే చోటు, కొట్టుకునే లెక్క, ఈ మూడింట్లో ఎక్కడో తేడా ఉంటుంది. ఇంకో సీసాకి డబ్బు పెట్టేముందు ఆ తేడా ఎక్కడుందో పట్టుకోండి.

"పావుగంటకే వాసన పోయింది"

అందరికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. వాసన నిజంగా పోయిందా, మీ ముక్కు పట్టించుకోవడం మానేసిందా అన్నది ముందు తేల్చాలి. స్నానం చేసి పది నిమిషాలు ఆగి, ఒళ్లు పూర్తిగా ఆరాక ఎడమ చేతి మీద ఒక్కసారి కొట్టండి. పాత నూలు గుడ్డ ముక్క మీద ఇంకొక్కసారి. గంట గడిచాక ఇంట్లో ఇంకొకరిని పిలిచి చెయ్యీ, గుడ్డా వాసన చూడమనండి. వాళ్లకి తెలిసి మీకు తెలియకపోతే సెంటు ఉన్నట్టే, అలిసిపోయింది మీ ముక్కు. బయట గాలిలో పది నిమిషాలు తిరిగొచ్చి చూస్తే మళ్లీ తెలుస్తుంది. షాపుల్లో కాఫీ గింజలు వాసన చూడమంటారు గానీ అదీ ఇంకో ఘాటు వాసనే. దానికంటే సెంటు తగలని మీ మోచేతి మడత వాసన చూసుకోవడం మేలు.

ఈ కోవ సెంట్లలో అడుగున మస్క్ ఎక్కువ. మస్క్ అణువులు పెద్దవి, బరువైనవి. కొన్ని రకాల మస్క్ కొందరి ముక్కుకి అసలు అందదు. అలాంటివాళ్లకి గంట దాటాక సీసా ఖాళీ అయినట్టే అనిపిస్తుంది, పక్క సీటులో ఉన్నవాళ్లకి మాత్రం బాగా తెలుస్తూంటుంది. పోయిందనుకుని మళ్లీ మళ్లీ కొట్టుకునేది వీళ్లే. పైన చెప్పిన పరీక్ష ఒక్కసారి చేసుకుంటే సీసా రెట్టింపు రోజులు వస్తుంది.

ఇంట్లోవాళ్లకి కూడా తెలియకపోతే సీసా మీద ఏం రాసుందో చూడండి. ఈడీపీ (ఓ డి పర్‌ఫ్యూమ్) అని ఉంటే సెంటు నూనెలు మామూలుగా 15 నుంచి 20 శాతం, ఈడీటీ (ఓ డి టాయిలెట్) అంటే 5 నుంచి 15 శాతం, బాడీ మిస్ట్ అంటే 1 నుంచి 3 శాతం. తికమక ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఒకే పేరుతో రెండూ అమ్ముతారు. 'క్లౌడ్' ఈడీపీ వేరు, 'క్లౌడ్' బాడీ మిస్ట్ వేరు. 236 ఎంఎల్ పెద్ద సీసా చవగ్గా దొరికిందంటే అది మిస్టే. దాన్ని ఎన్నిసార్లు కొట్టినా సాయంత్రందాకా ఉండదు. మిస్ట్ ఉన్నవాళ్లు 10 ఎంఎల్ ఖాళీ స్ప్రే సీసాలోకి కొంచెం మార్చుకుని బ్యాగులో పెట్టుకుంటే సరి.

సీసా మీద ఈడీపీ అనే ఉండి కూడా పోతోందంటే, మీరు ఇష్టపడింది అందులో ఏ భాగాన్నో గుర్తు తెచ్చుకోండి. 2005లో వచ్చిన ఫాంటసీలో కొట్టగానే వచ్చేది లిచీ, కివీ. ఆ తర్వాత కప్‌కేక్, తెల్ల చాక్లెట్. చివరికి మిగిలేది మస్క్. పండు వాసనలిచ్చే పదార్థాలు చాలావరకు తేలికైనవి, పావుగంట నుంచి అరగంటలోపే ఎగిరిపోతాయి. మే నెల ఎండలో అంతసేపు కూడా ఉండవు. లిచీ కోసమే కొన్నవాళ్లకి అరగంట తర్వాత ఆ సీసాలో ఏమీ లేనట్టే. దీనికి మందు లేదు, కొనేటప్పుడే జాగ్రత్తపడాలి. చేతి మీద కొట్టించుకుని, షాపులో డబ్బు కట్టకుండా బయటికొచ్చి, బజారు పని చూసుకుని గంటాగి మళ్లీ వాసన చూడండి. ఆ గంట తర్వాతి వాసన నచ్చితేనే కొనండి.

పీచ్ పండు వాసన మాత్రం ఇలా పోదు. దాన్నిచ్చే గామా అన్‌డెకాలాక్టోన్ బరువైన పదార్థం, గంటల తరబడి ఒంటిని అంటిపెట్టుకుని ఉంటుంది. పండు వాసనే కావాలి, అదీ నిలవాలి అనుకునేవాళ్లు లిచీ, పియర్ కంటే పీచ్ ఉన్న సీసా వెతుక్కోవడం మంచిది.

సంక్రాంతి రోజుల్లో చర్మం పొడిబారితే సెంటు త్వరగా పోతుంది. శనగగింజంత వ్యాజ్‌లైన్ మోచేతి మడతలో రాసి, దాని మీద కొట్టండి. ఎండాకాలం ఈ పని చెయ్యొద్దు, జిడ్డూ చెమటా కలిసి వాసన పాడవుతుంది. అప్పుడు ఒంటికంటే బట్టే నయం. కొట్టుకున్నాక మణికట్లు రెండూ రుద్దుకునే అలవాటుంటే మానండి. రాపిడికి పుట్టే వేడితో పై వాసన ఇంకా తొందరగా ఎగిరిపోతుంది.

"తలనొప్పి వస్తోంది, వెగటుగా ఉంది"

మాగిన పనసపండు పెరట్లో ఉంటే ఊరంతా కమ్మగా ఉంటుంది. అదే పండు తలుపులేసిన గదిలో పెడితే తల తిరుగుతుంది. ఇదీ అంతే. ఈ సెంట్లలో పంచదార పాకం, పీచుమిఠాయి వాసననిచ్చేది ఇథైల్ మాల్టోల్. 1992లో వచ్చిన 'ఏంజెల్' అనే సెంటులో దాన్ని దండిగా వాడి మెప్పించాక మిఠాయి వాసనల దారి తెరుచుకుంది. అది కొంచెం వేసినా బాగా తెలుస్తుంది, తొందరగా పోదు. ఒంటి వేడికి, ఎండకి ఇంకా పైకి లేస్తుంది, గాలి ఆడకపోతే కదలకుండా అక్కడే ఉంటుంది.

ఇక లెక్క చూద్దాం. మామూలు స్ప్రే ఒక్క నొక్కుకి సుమారు 0.1 ఎంఎల్ వస్తుంది. 100 ఎంఎల్ సీసా అంటే దాదాపు వెయ్యి నొక్కులు. ఇంటి దగ్గర ఆరు నొక్కులు మెడ మీద కొట్టుకుని, శ్రీకాకుళం కాంప్లెక్సులో విశాఖ బస్సెక్కి, రెండు గంటల పైచిలుకు జనం మధ్య కూర్చుంటే మీకే కాదు, ముందు సీటు ఆవిడకీ తలనొప్పి తప్పదు. మార్చి నుంచి జూన్ దాకా ఈ రకానికి రెండు నొక్కులే హద్దు. ఏసీ ఫంక్షన్ హాల్లో పెళ్లికైతే మూడు. మెడకి, గొంతుకి వద్దు, అవి నేరుగా ముక్కు కిందే ఉంటాయి. నడుం దగ్గర, మోకాళ్ల వెనక, పమిట మడతల లోపలివైపు కొట్టుకుంటే నడిచినప్పుడే తెలుస్తుంది. బయల్దేరే ముందు కాదు, అరగంట ముందే కొట్టుకోండి.

వెగటుకి ఇంకో కారణం తోడు వాసనలు. తలకి కొబ్బరినూనె, ఒంటికి టాల్కం పౌడరు, బట్టలకి కంఫర్ట్, పైన సెంటు. వీటికి జడలో మల్లెలు కూడా చేరితే మరీ ఇబ్బంది. మల్లెల్లో సహజంగానే ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. పొద్దున పెట్టుకున్న చెండు సాయంత్రానికి వడిలేసరికి దాని బరువు బాగా తెలుస్తుంది. అది వెనిల్లాతో కలిస్తే పువ్వూ బాగుండదు, సెంటూ బాగుండదు. పూలు పెట్టుకున్న రోజు ఈ సెంటు మానెయ్యడమే మా సలహా. మల్లెచెండుకి పోటీ పెట్టదగ్గ సీసా ఈ ధరలో లేదు.

ఎక్కువైపోయిందని తెలిశాక నీళ్లతో కడిగితే పోదు, సెంటు నూనెలు నీళ్లలో కరగవు. కొట్టుకున్నచోట అర చెంచా కొబ్బరినూనె రాసి, నిమిషం ఆగి, దూదితో తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. బట్టకి ఎక్కువైతే నీడలో గాలి తగిలేచోట ఆరెయ్యండి. మైగ్రేన్, ఉబ్బసం ఉన్నవాళ్లకి, వేవిళ్లతో ఉన్నవాళ్లకి ఒక్క నొక్కు తగ్గించినా ప్రయోజనం ఉండకపోవచ్చు. ఇంట్లో అలాంటివాళ్లుంటే ఆ రోజులకి మూత తియ్యకండి. ఎండాకాలానికి ఇంకో సీసా కొనే వీలుంటే 2002లో వచ్చిన జెన్నిఫర్ లోపెజ్ 'గ్లో' లాంటిది చూడండి. అదీ తారల పేరు సెంటే గానీ స్నానం చేసొచ్చిన సబ్బు వాసన, మిఠాయి కాదు.

"తెల్ల బట్ట మీద పసుపు మరక"

పొందూరు ఖద్దరు మీద ఇది పడితే ప్రాణం ఉసూరుమంటుంది. చేత్తో వడికిన ఆ సన్నటి నూలుకి తడి ఇట్టే ఎక్కుతుంది. దగ్గర్నుంచి కొడితే సెంటు చుక్క రూపాయి బిళ్లంత పరుచుకుంటుంది. ఆరాక మొదట ఏమీ కనిపించదు. నాలుగు రోజులకి అంచు లేత పసుపవుతుంది, నెలకి గోధుమరంగుకి తిరుగుతుంది. కారణం వెనిల్లా వాసననిచ్చే వెనిల్లిన్. గాలి, వెలుతురు తగిలేకొద్దీ అది రంగు ముదురుతుంది. సీసాలో కలిపిన రంగు దీనికి అదనం.

తెల్లవాటి మీద, పట్టు మీద, జరీ మీద ఈ సెంట్లు కొట్టొద్దు. తప్పదనుకుంటే లోపలి లంగా మీదో, జాకెట్టు లైనింగ్ మీదో జానెడు పైన దూరం నుంచి ఒక్క నొక్కు. మరక పడితే ఇస్త్రీ జోలికి వెళ్లకండి, వేడికి అది గట్టిపడుతుంది. వెంటనే గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా షాంపూ కలిపి వేళ్లతో మెల్లగా ఒత్తి, జాడించి, నీడలో ఆరెయ్యండి. గోధుమరంగుకి తిరిగిన పాత మరక పూర్తిగా పోతుందని ఆశ పెట్టుకోవద్దు.

ఇంకో సంగతి. చీరకి కొట్టిన సెంటు మందులా వాసనొస్తోందంటే బీరువాలో కలరా ఉండలున్నాయేమో చూడండి. నాఫ్తలీన్ వాసన ముందు పోతేగానీ ఏ సెంటూ బాగుండదు. ఆ చీరని ఒక పూటంతా గాలికి వెయ్యాలి.

"రంగు మారింది, పాడైందా?"

వెనిల్లా ఉన్న సెంటు ఏడాదీ రెండేళ్లలో ముదురు పసుపవడం మామూలే. రంగు చూసి పారెయ్యకండి, వాసన చూసి తేల్చుకోండి. మొదటి నిమిషంలో పులుపు, పాత నూనె వాసన వచ్చి, తర్వాత సర్దుకుంటే పైభాగం మాత్రమే చెడినట్టు, బట్టకి వాడుకోవచ్చు. పది నిమిషాలైనా ఆ కంపు అలాగే ఉంటే పని అయిపోయినట్టే. చెడగొట్టేవి వేడి, వెలుతురు, గాలి. పడమటి గోడకి ఆనించిన ఇనప బీరువా సాయంత్రానికి కాలిపోతుంది, అందులో పెట్టొద్దు. స్నానాల గదీ వద్దు. అట్టపెట్టెతో సహా కింది అరలో, బట్టల మధ్య పెడితే చాలు. ఫ్రిజ్ అక్కర్లేదు.

"కొట్టగానే స్పిరిట్ వాసన"

అరనిమిషం నుంచి నిమిషం దాకా స్పిరిట్ రావడం సహజం, చేతిని ముక్కుకి దగ్గరగా పెట్టకుండా ఆగండి. కొత్త సీసాలో మొదటి మూడు నాలుగు నొక్కులకి గాలే రావచ్చు. ఐదు నిమిషాలైనా స్పిరిట్ తప్ప ఇంకేమీ రాకపోతే మాత్రం అనుమానించాలి.

"దురద, ఎర్రటి మచ్చలు"

వెంటనే ఆపి, సబ్బుతో కడగండి. గీసుకున్న చర్మం మీద, వ్యాక్సింగ్ చేయించుకున్న రోజున, చంకల్లో కొట్టొద్దు. కొత్త సీసా ఏదైనా మోచేతి లోపల ఒక్క నొక్కు కొట్టి రెండు రోజులు చూశాకే మిగతా చోట్ల వాడండి. మచ్చలు తగ్గకపోతే చర్మం డాక్టరుకి చూపించండి. రోల్డుగోల్డు గొలుసు వేసుకునే ముందే సెంటు కొట్టి ఆరనివ్వాలి, లేకపోతే పూత మాసిపోతుంది.

"డూప్లికేటేమో"

ఇప్పుడు ఆ అనుమానం సంగతి. ఒక్క గుర్తుతో తేల్చలేరు, నాలుగైదు కలిపి చూడాలి. పెట్టె అడుగున ఉన్న బ్యాచ్ నంబరు, సీసా అడుగున ఉన్న నంబరు ఒకటే కావాలి. సక్రమంగా దిగుమతైన సరుకు మీద ఎమ్మార్పీతో పాటు దిగుమతిదారు పేరు, చిరునామా ఉన్న స్టిక్కరు ఉండాలి. అక్షరాల్లో తప్పులు, వంకరగా అతికించిన లేబుల్, మెడ దగ్గర కదిలే స్ప్రే, సీసాలో అటూఇటూ తేలే నలకలు, ఇవి కనిపిస్తే కొనొద్దు. 'టెస్టర్' అని అమ్మేవి మామూలుగా సాదా పెట్టెలో, ఒక్కోసారి మూత లేకుండా వస్తాయి, అంతమాత్రాన దొంగ సరుకు కాదు. కానీ అన్నిచోట్లా ఉన్న ధరలో పావు వంతుకే 'ఒరిజినల్' అంటే నమ్మకండి.

ఆన్‌లైన్లో తెప్పిస్తే పెట్టె విప్పేటప్పుడే ఆపకుండా వీడియో తియ్యండి. బిల్లు దాచండి. షాపువాళ్లు వెనక్కి తీసుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఫిర్యాదు చెప్పొచ్చు.

"స్ప్రే రావట్లేదు"

సీసా నిండుగా ఉండి నొక్కు పడకపోతే చిల్లు మూసుకుపోయి ఉంటుంది. పిన్నుతో పొడవొద్దు, చిల్లు పెద్దదై సెంటు ధారగా కారుతుంది. నొక్కే బటన్‌ని నిటారుగా పైకి లాగితే ఊడొస్తుంది. గ్లాసులో వేడినీళ్లు పోసి, ఆ బటన్‌ని అందులో పది నిమిషాలు నాననిచ్చి, గట్టిగా ఊది, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టెయ్యండి. నాలుగు నొక్కులకి మంచుపొగలా రావాలి. బటన్ బాగానే ఉండి లోపలి గొట్టం సెంటుని తాకకపోతే సీసాని కొంచెం వంచి నొక్కి చూడండి. మెడ దగ్గరున్న లోహపు పట్టీని మాత్రం కత్తితో లేపొద్దు. అది ఫ్యాక్టరీలో నొక్కి బిగించినది, మళ్లీ బిగుసుకోదు. గాజు అంచు చెయ్యి కోస్తుంది కూడా.